అడుగు తక్కువ పిన్నులు

బోరిలొద్ది, ఆదిలాబాద్ జిల్లా
జనవరి

హుస్నా,

ఫోన్ చెయ్యలేదని తిట్టుకుంటూ ఉంటావు. ఇక్కడ సిగ్నల్ కావాలంటే గుట్ట ఎక్కాలి, ఎక్కాక ఆయాసంతో మాట రాదు. అందుకే ఉత్తరం. పాలిటెక్నిక్‌లో లెక్చరర్ కళ్లుగప్పి చీటీలు పంపుకున్న చేతులే కదా మనవి, మరిచిపోయి ఉండవు.

ఈ ఊరి భూములన్నీ కొలిచి హద్దులు పాతే పని నాకు వచ్చింది. సర్వేయర్‌గా లైసెన్సు చేతికొచ్చాక నా సొంత పేరు మీద మొదటి పెద్ద పని. ఇదివరకు హద్దురాళ్లు పాతేవారు. రాయి అయితే ఇద్దరు కలిసి ఒక్క పూటలో పక్కకు జరిపేస్తారు. అందుకని ఈసారి ఇనుప పిన్నులు. స్లాబుల్లో వేసే రాడ్డునే ముక్కలుగా కోసి, ఒక కొన వాడిగా చేసి, తలకు ఎర్రరంగు పూసి భూమిలోకి దింపుతాం. అవి నీ ఇనుపకొట్టులోనే కోయిస్తానని సర్వే ఆఫీసులో గొప్పగా చెప్పి వచ్చాను. నా పరువు కాపాడు.

పొడవు మాత్రం మూడడుగులు ఉండాలి. మన కరీంనగర్ ఎర్ర చెల్క నేలలకు రెండడుగులు సరిపోతుంది, కానీ ఇక్కడిది నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. పిన్ను కింద గట్టి మొరం పొర తగిలేదాకా దిగకపోతే నిలబడదు.

మీ అబ్బాజాన్ కంటి ఆపరేషన్ ఎలా అయింది? కొట్టు మొత్తం నువ్వే చూస్తున్నావని విన్నాను. గల్లాపెట్టె ముందు కూర్చుని బేరమాడే నిన్ను ఒక్కసారి చూడాలని ఉంది.

నీ
సృజన


కరీంనగర్
ఫిబ్రవరి

సృజనా,

బస్సు కండక్టర్ చేతికి ఈ ఉత్తరం, బస్సు మీద నీ పిన్నుల కట్టలు. దింపేటప్పుడు కాళ్ల మీద వేసుకోకు.

రాడ్డు కోసం ఊరంతా తిరిగాను. తుక్కు కరిగించి సాగదీసిన రాడ్డు చవగ్గా వస్తుంది, కానీ సమ్మెట దెబ్బకు మధ్యలో వంగిపోతుంది. అది నీకు పంపితే నా మొహం ఎక్కడ పెట్టుకోను? చివరికి ఒక అపార్ట్‌మెంట్ మేస్త్రీ దగ్గర పిల్లర్లకు తెచ్చి మిగిలిపోయిన కంపెనీ రాడ్డు దొరికింది. కొంచెం తుప్పు పట్టింది. తుప్పు మంచిదే, మట్టిని పట్టుకుంటుంది. మా పనివాడు ఓంప్రకాశ్ మిషన్ మీద కోసి కొనలు సానబట్టాడు.

అబ్బాజాన్ నల్లకళ్లజోడు పెట్టుకుని కొట్టులో ఒక మూల కూర్చుంటారు. ఏమీ కనబడదు, అన్నీ వినబడతాయి. మా చిన్నాన్న పొద్దున్నే వచ్చి, "ఇనుపకొట్ల ఆడపిల్ల ఏంది భాయ్, గాజుల దుకానం పెట్టియ్యరాదు" అని నవ్విపోతాడు. నవ్వనీ. నీ ఆర్డరు గురించి ఆయనకు వినబడేలా నాలుగుసార్లు చెప్పాను.

కట్టలు విప్పి జర మంచిగా చూసుకో. ఏదైనా తేడా ఉంటే మొహమాటపడకుండా రాయి. మళ్లీ కోయిస్తాను.

నీ
హుస్నా


బోరిలొద్ది
ఫిబ్రవరి

హుస్నా,

పిన్నులు అందాయి. అన్నీ బాగున్నాయి. కొనలు ఎంత చక్కగా తీశాడే మీ ఓంప్రకాశ్! మీ చిన్నాన్నకు నా తరఫున చెప్పు, గాజుల దుకాణం ఆయన్నే పెట్టుకోమని.

పాతడం మొదలుపెట్టాం. ఇక్కడ ఒక పద్ధతి ఉంది, నాకు భలే నచ్చింది. హద్దు మీద పిన్ను దింపేటప్పుడు అటు రైతు, ఇటు రైతు ఇద్దరూ దాన్ని చేత్తో పట్టుకుని నిలబడాలి. సమ్మెట దెబ్బ నేను వేస్తాను. ఇద్దరూ పట్టుకున్నారు కాబట్టి రేపు నాకు తెలియదనడానికి ఎవరికీ వీల్లేదు.

నిన్న ఒకచోట గొడవైంది. దయాకర్‌రావు గారని ఊళ్లో పెద్ద రైతు, మర్యాదస్తుడు, రోజూ నాకు మజ్జిగ పంపిస్తారు. ఆయన పక్క చేను కొమురెల్లిది. చిన్న రైతు, నెమ్మది మనిషి. కొలిస్తే హద్దు కొమురెల్లి వైపు రెండు సాళ్లు జరిగింది. నేనేం చెయ్యను, లెక్క అలా వచ్చింది. కొమురెల్లి తలూపాడు కానీ అతని భార్య శంకరవ్వ ఊరుకోలేదు. "గీ ఇనుప పుల్లను చూసి నా భూమి ఇడుస్తనా? పీకి పారేస్త!" అని అందరి ముందూ అరిచింది. కొమురెల్లి "నువ్వు నడువే ఇంటికి" అని ఆమెను పంపించి, వచ్చి పిన్ను పట్టుకున్నాడు. దెబ్బ పడుతున్నంతసేపూ ఆమె వెళ్లిన దారే చూశాడు.

నీ
సృజన


కరీంనగర్
ఏప్రిల్

సృజనా,

నీ దగ్గర్నుంచి ఉత్తరం లేక రెండు నెలలవుతోంది. పని ఎక్కువైందా, నా మీద కోపమా?

ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. అబ్బాజాన్ కళ్లజోడు తీసేశారు. నీ పిన్నులు ఎలా ఉన్నాయి? గట్టిగా నిలబడ్డాయా? ఊరికే అడుగుతున్నాను.

హుస్నా


బోరిలొద్ది
మే

హుస్నా,

కోపం దేనికి? పిన్నులా, ఉన్నాయి. వాటికేం.

ఇక్కడి ఎండ సంగతి చెప్పకు. చేలల్లో నెర్రెలు చూస్తే భయమేస్తుంది, చెయ్యి పెడితే మోచేతి దాకా పోతోంది. నేను పొద్దున్నే ఊరు లేవకముందే చేలవైపు నడకకు వెళ్తున్నాను. చేతిలో సమ్మెట ఉంటుంది. సర్వేయరమ్మకు కుక్కలంటే భయమని ఊరంతా నవ్వుకుంటున్నారు. నవ్వుకోనీ.

ఒక మాట అడుగుతాను. నీకు తెలిసిన ఇనుప వ్యాపారుల్లో రేగడి నేలల వాళ్లు ఎవరైనా ఉన్నారా? ఊరికే అడుగుతున్నాను.

సృజన


బోరిలొద్ది
జూలై

హుస్నా,

మనసు బాగాలేదు. ఎవరితోనైనా చెప్పుకోవాలి, నాకు నువ్వు తప్ప ఎవరున్నారు?

వానలు పడ్డాక పత్తి గింజలు పెట్టడానికి దయాకర్‌రావు గారు చేనుకు వెళ్తే కొమురెల్లి హద్దు మీది పిన్ను కనబడలేదు. ఊళ్లో పిన్నులన్నీ నిటారుగా ఉన్నాయి, అదొక్కటే లేదు. పంచాయతీ ఆఫీసు ముందు జనం పోగయ్యారు. దయాకర్‌రావు గారు నన్ను పిలిపించి అడిగారు: "మేడం, గా పిన్ను దానంతటది ఊడివస్తదా?"

నేను "రాదు" అన్నాను.

అంతే హుస్నా. ఆ ఒక్క మాటే అన్నాను. తరవాత అంతా వాళ్లే మాట్లాడుకున్నారు. కొమురెల్లి "నేను ముట్టలే" అన్నాడు. సరే, అయితే భార్యను తీసుకుని వేములవాడ పోయి, మొక్కుగా కోడె కట్టి, రాజన్న దేవుడి ముందు ఒట్టు వెయ్యమన్నారు. నేను గాని నా ఇంటివాళ్లు గాని ముట్టలేదని చెప్పాలి. అతను "నా మీద నేనైతే ఏస్త. ఇంటి మీద ఎయ్య" అన్నాడు. ఎంతమంది అడిగినా అదే మాట. "గంతే మరి, దొంగ దొరికిండు" అని ఎవరో అన్నారు, అందరూ లేచిపోయారు.

అప్పటి నుంచి అతన్ని గట్టు దొంగ అంటున్నారు. అతని చేనులో కలుపుకు ఎవరూ పోవడం లేదు. బదులు పనికి అతను వెళ్తే వద్దని పంపేస్తున్నారు. మొగుడూ పెళ్లాం ఇద్దరే, చెరో మూల కలుపు తీసుకుంటూ కనబడతారు. దారిలో నేను ఎదురైతే కొమురెల్లి పక్కకు తప్పుకుంటాడు.

ఒట్టు వెయ్యనివాడు తీసినట్టే కదా హుస్నా? తియ్యకపోతే వెయ్యడానికేం? నువ్వే చెప్పు. తీసే ఉంటాడని ఒక్క ముక్క రాయి.

సృజన


కరీంనగర్
ఆగస్టు

సృజనా,

నువ్వు అడిగిన ముక్క నేను రాయలేను. వేరే ముక్క రాయాలి. పొద్దున్నుంచి నాలుగు కాగితాలు చింపేశాను.

నీ పిన్నులు మూడడుగులు కాదు, రెండడుగులు. మా కోత బల్ల చివర ఒక ఇనుప అడ్డం బిగిస్తాం. రాడ్డు కొన దానికి తగిలితే చాలు, ప్రతిసారీ కొలవకుండా ఒకే పొడవు ముక్కలు వస్తాయి. నీకంటే ముందు హుజూరాబాద్ వాళ్లకు కోశాం, వాళ్లవి రెండడుగులు. ఆ అడ్డాన్ని జరపాల్సింది నేను. జరపలేదు. ఓంప్రకాశ్‌ది తప్పు కాదు, కొయ్యమని చెప్పింది నేనే.

కట్టలు కట్టేటప్పుడు చూశాను. అంత రాడ్డు మళ్లీ ఎక్కడ తేవాలి? చిన్నాన్న గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. ఆయన ముందు చెప్పలేక అలాగే కట్టేశాను. సృజన కొలతల మనిషి, చూడగానే పట్టేస్తుంది, తనే తిప్పి పంపుతుంది, అప్పుడు గుట్టుగా మళ్లీ కోద్దామనుకున్నాను. అందుకే తేడా ఉంటే రాయమన్నాను. అన్నీ బాగున్నాయని నువ్వు రాశావు. నువ్వు చూడలేదని అర్థమైంది. హమ్మయ్య అనుకున్నాను సృజనా. నాకు ఇప్పుడు సిగ్గేసేది ఆ హమ్మయ్యకే.

ఆ మనిషి తియ్యలేదు. పొట్టి పిన్ను నెర్రెలో వదులైపోయి ఉంటుంది. నన్ను తిట్టు, కానీ ముందు అతని సంగతి చూడు.

హుస్నా


బోరిలొద్ది
ఆగస్టు

హుస్నా,

నిన్ను తిట్టే అర్హత నాకు లేదు. కట్ట విప్పిన రోజే చూశాను.

టేపు కూడా అక్కర్లేకపోయింది, చేత్తో పట్టుకుంటేనే తెలిసిపోయింది. తిప్పి పంపితే మీ చిన్నాన్న బజారంతా చెప్పుకుని నవ్వుతాడు, నీ మొదటి పెద్ద ఆర్డరు అలా కాకూడదనుకున్నాను. నీ కోసమే ఊరుకున్నానని నాకు నేను చెప్పుకున్నాను. అందులో సగమే నిజం. నా స్నేహితురాలి కొట్టు అని గొప్పలు పోయిన ఆఫీసుకు వెళ్లి, అవి పనికిరావని చెప్పడానికి నాకు నామోషీ అయింది. ఒక అడుగుకేమవుతుందిలే అని పాతేశాను.

ఇంతవరకే అయితే బాగుండేది. మేలో పిన్నులు ఒక్కొక్కటే ఒరగడం మొదలైంది. నా పొద్దుటి నడక కుక్కల కోసం కాదు. ఎవరూ లేవకముందే వెళ్లి, ఒరిగినవాటిని నిలబెట్టి, చుట్టూ మట్టి కూరి, సమ్మెటతో కొట్టి వచ్చేదాన్ని. కొమురెల్లి చేను చివరకు వెళ్లేసరికి ఆ పిన్ను అప్పటికే లేదు. నెర్రె నోరు తెరుచుకుని ఉంది. వెతికితే ఎవరైనా చూస్తారని వెనక్కి వచ్చేశాను.

అర్థమైందా? ఊళ్లో అన్ని పిన్నులూ ఒరిగి ఉంటే ఎవరూ అతన్ని అనేవాళ్లు కాదు. మిగతావన్నీ నేను నిటారుగా నిలబెట్టాను కాబట్టే అతను దొంగయ్యాడు. ఆ రోజు "రాదు" అన్నప్పుడు నా గొంతు ఎంత మామూలుగా ఉందో మరిచిపోలేకపోతున్నాను.

చెబితే లైసెన్సు పోతుంది. పోతే పోనీ అని పగలు అనుకుంటాను. చీకటిపడ్డాక ధైర్యం చాలదు. అతను ఒట్టు ఎందుకు వెయ్యలేదో కూడా నాకు అర్థం కావడం లేదు. వేసి ఉంటే నేను ఇంత నీచంగా అతనే తీశాడన్న మాట పట్టుకుని వేలాడేదాన్ని కాదు.

సృజన


కరీంనగర్
ఆగస్టు

సృజనా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మన ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ఎంత మర్యాద! ఆ మర్యాదతో మూడో మనిషి మెడ విరిచాం.

అబ్బాజాన్‌కు అంతా చెప్పాను. అరుస్తారనుకున్నాను. "నాకు చెప్తే ఏమొస్తది బేటీ? గా మనిషికి ఎవరు చెప్తరు?" అని, లేచి వెళ్లి బల్ల చివరి అడ్డాన్ని తన చేత్తో మూడడుగులకు జరిపారు. ఓంప్రకాశ్ కోస్తున్నాడు. ఊరికంతటికీ సరిపడా కొత్త కట్టలు ఆదివారం బస్సుకు వస్తాయి. పిన్నులు పొట్టివని తెలిసే పంపానని నా సంతకంతో మీ ఆఫీసుకు విడిగా రాశాను. చిన్నాన్నకు తెలుస్తుంది. తెలియనీ.

ఇక నీ మాట నువ్వు చెప్పాలి. అది నేను రాసిపెట్టలేను.

హుస్నా


బోరిలొద్ది
సెప్టెంబరు

హుస్నా,

చెప్పాను.

కట్టలు బస్సు దిగిన మర్నాడే జనాన్ని పిలిపించమని దయాకర్‌రావు గారిని అడిగాను. ఏదో కొత్త కొలతల సంగతి అనుకుని అందరూ వచ్చారు. కొమురెల్లి దూరంగా నిలబడ్డాడు, శంకరవ్వ ఇంకా దూరంగా. కొత్త పిన్ను, పాత పిన్ను పక్కపక్కన పట్టుకుని చూపించాను. అడుగు తక్కువని తెలిసే పాతానని చెప్పాను. పొద్దున్నే సమ్మెట పట్టుకుని ఎందుకు తిరిగానో చెప్పాను. దానంతటది రాదని నేనన్న మాట అబద్ధమని చెప్పాను. ఒక ముసలాయన, "సదువుకున్నదానివి, గిట్ల జేస్తివేంది బిడ్డా?" అన్నాడు.

అక్కడి నుంచి అందరం కొమురెల్లి హద్దుకు నడిచాం. గడ్డపారలతో తవ్వించాను. మోకాలి లోతులో పిన్ను దొరికింది. నెర్రెలోకి జారి అడ్డంగా పడింది, వానకు మట్టి మూసుకుపోయింది. తలమీది ఎర్రరంగు కూడా పోలేదు.

దయాకర్‌రావు గారు అందరి ముందూ చేతులు జోడించి, "కొమురెల్లీ, తప్పయింది. నీ చేనుకు రేపు నా మనుషులొస్తరు" అన్నారు. ఇంకా కొందరు అతని భుజం మీద చెయ్యి వేశారు. అతని ముఖం వెలుగుతుందని నేను ఎదురుచూశాను. అది చూస్తే నాకు కాస్త ఊపిరి ఆడుతుందని స్వార్థం. అతను పిన్నును చూడలేదు, మమ్మల్నీ చూడలేదు. భార్య వైపు చూస్తూ రంగు మారిపోయాడు.

శంకరవ్వ దగ్గరకు వచ్చి మెల్లగా అడిగింది. "ఇంటి మీద ఒట్టెయ్యంది గందుకేనా? నేను పీకిననుకున్నవా?"

"నువ్వే అంటివి గదనే, పీకి పారేస్తనని."

"అంటి. కోపానికి అంటి. గిన్ని దినాలు ఇంట్ల నాతోని మాట్లాడకపోతివి, నేను పెట్టిన బువ్వ సగమిడిసి లేస్తివి, ఊరు అన్నదానికి కుములుతున్నవనుకున్న. ఒక్కనాడు నన్ను అడిగితే అయిపోవు గద!"

"ఎట్లడుగుదు?" అన్నాడు కొమురెల్లి. "నువ్వు అవునంటే ఏం జేద్దును?"

జనం మెల్లమెల్లగా చూపులు తిప్పుకున్నారు. హుస్నా, నాకు అప్పుడు అర్థమైంది. భార్యను దొంగను చెయ్యడం ఇష్టం లేక తను దొంగ అనిపించుకున్నాడు. కానీ ఆమే తీసిందని మాత్రం నమ్మాడు. ఊరి తప్పు దయాకర్‌రావు గారి ఒక్క మాటతో తీరిపోయింది. నా తప్పుకు ఆఫీసువాళ్లు విచారణ పెడతారట, ఏదో ఒక శిక్ష వేస్తారు. నేను ఆ ఇంట్లోకి దూర్చిన అనుమానాన్ని ఏ ఆఫీసు తీస్తుంది?

కొత్త పిన్ను పాతాలి. దయాకర్‌రావు గారు వచ్చి అటువైపు పట్టుకున్నారు. కొమురెల్లి ఇటువైపు వంగాడు. శంకరవ్వ అతని చెయ్యి పట్టుకుని పక్కకు తీసింది.

"నువ్వు జరుగు. నేను పట్టుకుంట" అంది.

కూర్చుని, రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. కొమురెల్లి తువ్వాల చేతిలో నలుపుకుంటూ ఆమె వెనక నిలబడ్డాడు. "కొట్టు బిడ్డా" అంది నాతో. ఆ ఇద్దరి ముఖాలూ చూడలేక పిన్ను తల మీదే చూపు పెట్టి కొట్టాను. మొరం తగిలి ఇనుము ఖంగుమన్నా ఆమె చేతులు తియ్యలేదు. "ఇగ చాలమ్మా" అన్నాను. అప్పటికీ తియ్యలేదు.

సృజన